మడమ మీద నాలుగక్షరాలు

మా మావయ్యని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అందరికీ ఆయన అంగుళం. పొట్టివాడని అలా అంటారనుకునేరు, గుమ్మం తలకి తగిలేంత మనిషి. ఒక కాలు కాస్త పొట్టిగా ఉన్నవాళ్ళకి బూట్లు కుట్టడం ఆయన పని. ఎవరైనా వీధి మలుపు తిరిగి నాలుగడుగులు వేస్తే చాలు, బల్ల దగ్గర కూర్చునే "ఎడమ, ముప్పాతిక" అనేస్తారు. తరవాత టేపు పెట్టి చూస్తే ముప్పాతిక అంగుళమే తేడా ఉంటుంది, ఎడమకాలే ఉంటుంది. ఆ కొలత ఎక్కడా రాసుకోరు. పదేళ్ళకి అదే మనిషి మళ్ళీ వస్తే పేరు గుర్తుండదు గానీ కాలు గుర్తుంటుంది. మొహాలదేముంది, అందరికీ రెండు కళ్ళూ ఒక ముక్కేగా అంటారు.

ఆయన బల్లెక్కిన మొదటి గిరాకీల్లో నేనొకణ్ణి. నా కుడికాలు అంగుళంపావు తక్కువ. నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మ నన్ను తెచ్చి తమ్ముడి ముందు కూలేసి, వీణ్ణి నిటారుగా నిలబెట్టు అందట. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆయన చేతి బూటు తప్ప వేరేది తొడగలేదు. బడిలో నన్ను కుంటివాడని పిలుద్దామనుకున్నవాళ్ళు లేకపోలేదు. పరుగుపందెంలో నన్ను అందుకోలేక మానుకున్నారు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నేను చేసింది విన్నాక నన్ను ఏమని తిట్టాలో మీకు తేలికవుతుందని.

నాది కార్డులూ స్టిక్కర్లూ అచ్చువేసే దుకాణం. కంప్యూటర్లు వచ్చాక చిన్న చిన్న షాపులవాళ్ళకి వెబ్‌సైట్లు చేసిపెట్టడం కూడా మొదలుపెట్టాను. మా పనిలో ఒక అలవాటుంది. గిరాకీకి ఈమెయిలూ ఉండదు, ఓపికా ఉండదు. అందుకని ఇంటర్నెట్లో వాళ్ళ వెబ్‌సైటు పేరుని మా పేరు మీదే రాయించేస్తాం. ఏటా రెన్యూవల్ డబ్బు వాళ్ళిస్తారు, మేం కట్టేస్తాం. కాగితాల ప్రకారం ఆ పేరు మాది. ఆ సంగతి వాళ్ళకి తెలియదు, మేమూ చెప్పం. నమ్మకం మీద నడిచే వ్యవహారం అని మాలో మేం గొప్పగా చెప్పుకుంటాం.

పదిహేనేళ్ళ క్రితం మావయ్యకీ అలాగే ఒక పేరు రాయించాను. పొడుగాటి పేరొకటి చెబితే ఆయన ఒప్పుకోలేదు. బూటు మడమ కింద కొట్టే ఇత్తడి ముద్ర నా ముందు పెట్టి, ఇందులో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పడతాయి, కింద ఆ డాట్ ఇన్ అనే చుక్కా తోకా పడతాయి, అంతే అన్నారు. నాలుగక్షరాల పేరే దొరికింది. అప్పుడు దాని ఖరీదు రెండు పూటల భోజనం. ఆ రోజు నుంచి ఆయన కుట్టిన ప్రతి బూటు మడమ మీదా ఆ నాలుగక్షరాలు పడ్డాయి. ఎక్కడో దూరాన సోలు అరిగినవాళ్ళు బూటు తిరగేసి చూసి, ఆ అక్షరాలు ఇంటర్నెట్లో కొట్టి, ఫోను నంబరు పట్టుకుని మావయ్యకి పార్సిలు పంపేవారు. ఊరు మారినవాళ్ళూ, కార్డు పారేసుకున్నవాళ్ళూ ఆయన్ని వెతుక్కునే దారి అదొక్కటే.

రెన్యూవల్ డబ్బు ఇవ్వడానికి మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. ఏడాదికోసారి నా బూట్లు సోలు మార్చడానికి ఇస్తాను. అవి తిరిగొచ్చేటప్పుడు కుడి బూటు మునివేళ్ళ దగ్గర మూడు మడతలు పెట్టిన నోట్లుంటాయి. చేతికిస్తే నేను వద్దంటాననీ, బూటులో పెడితే కాలు పెట్టాక గానీ తెలియదనీ ఆయన ఉపాయం. రసీదు అడిగింది లేదు, ఇచ్చింది లేదు.

ఇక నా భాగోతం. ఐదేళ్ళ క్రితం ఎవరో దళారి నుంచి ఉత్తరం వచ్చింది, ఆ నాలుగక్షరాల పేరు అమ్ముతారా అని. ఒక ఫోను కొనుక్కునేంత ఇస్తానన్నాడు. నవ్వి ఊరుకున్నాను. మరుసటి ఏడు స్కూటరంత అన్నాడు. ఆ తరవాత కారంత అన్నాడు. పొట్టి పేర్లన్నీ ఎప్పుడో ఎవరెవరి చేతుల్లోకో పోయాయట, కావలసినవాడు ఉన్నవాడి దగ్గర కొనుక్కోవలసిందేనట, స్థలాల బేరంలాగే. నేను అమ్మనన్నకొద్దీ వాడు పెంచాడు. నిజం చెప్పాలంటే నేను అమ్మననలేదు, ఇప్పుడు కాదన్నాను. ఆ రెంటికీ తేడా వాడికి నాకంటే ముందే తెలుసు.

పోయినేడు వాడు చెప్పిన ధర మా దుకాణం పక్క గది ఖరీదు. ఆ గది మీద నాకు పదేళ్ళుగా కన్ను. మావయ్యని ఒక్క మాట అడిగి ఉంటే మేనల్లుడి కోసం సరేననేవారేమో. అడగలేదు. ఆయన కాదంటారని భయపడి కాదు. అవునంటే సగమైనా ఆయనకివ్వాలిగా, అందుకు. ఇలాంటివాళ్ళనే తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళంటారు. నేను లెక్కపెట్టి ఊరుకోలేదు, పీకి అమ్ముకున్నాను.

సంతకం పెట్టిన వారానికే నా బూట్లు సోలు మారి వచ్చాయి. కుడి బూటులో కాలు పెడితే మునివేళ్ళకి నోట్లు తగిలాయి. బయటికి తీశాను. ఖర్చుపెట్టడానికి చేతులు రాలేదు, తిరిగివ్వడానికి నోరు రాలేదు. సొరుగులో పడేశాను.

పక్క గది తెరిచిన రోజు మావయ్య వచ్చారు. పెద్ద ఆర్డరు తగిలిందని అందరికీ చెప్పి ఉంచాను. ఆయన గదంతా ఒకసారి నడిచి, నేల వాలుగా ఉందన్నారు. తరవాత నా భుజం తట్టి, మీ అమ్మ ఉంటే చూసి సంతోషించేదిరా అన్నారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

మూడు నెలలు ఏమీ కాలేదు. అప్పుడు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన ఒకావిడ కర్ర టకటకలాడిస్తూ మావయ్య దగ్గరికొచ్చింది. సోలు అరిగి, మనవరాలి చేత మడమ మీది అక్షరాలు కొట్టించిందట. తెరనిండా పేకముక్కలు గింగిరాలు తిరిగాయట. ఈ వయసులో మీకు పేకాటేమిటండీ, జీవితమంతా లెక్కలు చెప్పిన నన్ను చివరికి జూదానికి దించుతారా అని నవ్వుతూనే అడిగింది. మావయ్యా నవ్వారు. నవ్వుతూనే నా దగ్గరికి నడిచొచ్చారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు.

"గడువు దాటిపోయింది మావయ్యా. ఎవరో ఎత్తుకుపోయారు. ఈ ఏడు డబ్బు అందలేదు కదా, నేనూ చూసుకోలేదు."

ఆయన నవ్వు ఆగింది. స్టూలు మీద కూర్చుని కాసేపు తన చేతులు చూసుకున్నారు.

"బూటులో పెట్టినట్టే గుర్తురా."

"లేదు మావయ్యా. ఖాళీగానే వచ్చింది."

అబద్ధం ఆడేవాడు ఆలోచించుకుని ఆడతాడంటారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సొరుగు నా మోకాలికి తగులుతూ ఉంది. ఆయన లేచి, తప్పు నాదేలే, నీ మీద పడేసి నేను మర్చిపోయానని నాకే సర్దిచెప్పి వెళ్ళిపోయారు.

పేరు పోయినందుకు ఆయన పెద్దగా బాధపడలేదు. మర్చిపోయినందుకు బాధపడ్డారు. కొలతలన్నీ తలలో పెట్టుకుని నలభై ఏళ్ళు బతికిన మనిషి. పెట్టని డబ్బు పెట్టినట్టు గుర్తుందంటే, తలలో ఉన్న మిగతావాటిలో ఎన్ని నిజమో ఆయనకి తెలియలేదు. నోటుపుస్తకం ఒకటి కొన్నారు. వచ్చినవాళ్ళని కుడా ఎడమా అని రెండేసిసార్లు అడగడం మొదలుపెట్టారు. అత్తయ్య డాక్టరు దగ్గరికి తీసుకెళితే, మీ జ్ఞాపకశక్తి నాకుంటే బాగుండునని ఆయన పంపించేశాడట. డాక్టరు మొహమాటానికి అన్నాడని మావయ్య అనుమానం. అత్తయ్య ఇవన్నీ ఫోనులో నాకే చెప్పుకునేది. నేను ఊఁ కొట్టేవాణ్ణి. వయసు కదా అత్తయ్యా అని కూడా ఒకసారి అన్నాను.

చివరికి ఒక బస్సు కండక్టరు బూట్ల దగ్గర దెబ్బ తగిలింది. పాత గిరాకీ. మావయ్య తల ఎడమ అంది. తన తల ఎడమ అంటోంది కాబట్టి కుడే అయ్యుంటుందని ఆయన కుడి బూటుకి ఎత్తు కట్టారు. ఆ కండక్టరు అవి తొడుక్కుని వీధి చివరిదాకా వెళ్ళలేక గోడ పట్టుకుని వెనక్కొచ్చాడు. బూట్లు బల్ల మీద పెట్టి చెప్పులతో వెళ్ళిపోయాడట. మావయ్య ఆ సాయంత్రం తోలు కోసే కత్తి తుడిచి గుడ్డలో చుట్టేశారు.

వారం తరవాత అత్తయ్య ఫోను చేసింది. దుకాణం మూసేస్తున్నాం, ఎవరి కాలి అచ్చులు వాళ్ళకి మీ మావయ్య ఇచ్చేస్తున్నారు, నీవి వచ్చి పట్టుకుపో అంది. ఆ కాలి అచ్చులు చెక్కతో చేసినవి, వాటి మీదే బూటు కుడతారు. నేను సొరుగు తీసి, లోపలున్నది జేబులో పెట్టుకుని వెళ్ళాను.

మధ్యాహ్నం. షట్టరు సగం దించి ఉంది. నా అచ్చులు బల్ల మీద వరసగా పేర్చి ఉన్నాయి, నాలుగేళ్ళప్పటి దాని నుంచి ఇప్పటి దాని దాకా పద్దెనిమిది. మొదటిది నా అరచేతిలో పట్టేంత ఉంది. మావయ్య సంచీ మూతి పట్టుకుని, ఒక్కొక్కటీ లోపల పెట్టుకోమన్నారు. నేను పెట్టలేదు. జేబులోంచి నోట్లు తీసి, ఆ చిన్న అచ్చు పక్కన పెట్టాను. మూడు మడతలతో, బూటు ముక్కులో ఉన్నప్పటి వంపు ఇంకా పోకుండా అలాగే ఉన్నాయి.

ఆయన ముట్టుకోకుండా వంగి చూశారు.

"ఇది నా మడత."

"నువ్వు పెట్టావు మావయ్యా. నాకందింది. ఆ పేరు ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే అమ్ముకున్నాను. పక్క గది దాంతోనే కొన్నాను."

చెంప పగలగొడతారని సిద్ధపడే వెళ్ళాను. కొడతారని ఆశపడ్డాను కూడా. ఆయన నా మాటల్లో మొదటి రెండు తప్ప మిగతావి విన్నట్టే లేరు. నోట్లు చేతిలోకి తీసుకుని, మడత విప్పి, మళ్ళీ అలాగే మడిచి, లోపలి గదివైపు తిరిగి అత్తయ్యని పిలిచారు.

"ఇచ్చానే. నేను ఇచ్చాను. మర్చిపోలేదు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి సంతోషం నీళ్ళు. నాకు తిట్లు తెలుసు, దెబ్బలు తెలుసు. నన్ను చూసి ఒకరు అంత సంతోషపడుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు. అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నావైపు చూడకుండానే మాట్లాడింది.

"ఈ ముక్క చెప్పడానికి ఎనిమిది నెలలు పట్టిందా నీకు?"

మావయ్య అప్పటికే గుడ్డ విప్పి కత్తి తీశారు. కండక్టరు బూట్లు ముందు పెట్టుకుని, ఎడమే, నాకు తెలుసు అని గొణుక్కుంటూ కుడిదాని ఎత్తు ఊడదీయడం మొదలుపెట్టారు. గది అమ్మి ఆ డబ్బు తెచ్చిస్తానన్నాను. తలెత్తకుండానే, దాని నేల వాలు, ఎవడు కొంటాడు అన్నారు. అచ్చులు మళ్ళీ అరలో పెట్టమన్నారు. పెట్టాను. క్షమించేశారనుకున్నాను. మనకి కావలసినట్టు అనుకోవడానికి ఖర్చేముంది.

పది రోజుల తరవాత ఆయనే మా దుకాణానికొచ్చారు. కొత్త పేరు కావాలన్నారు. పొట్టివి మన చేతికందవు కాబట్టి పదహారక్షరాలది దొరికింది. మడమ మీద పట్టదు, బూటు నాలుక కింద లోపలివైపు చేత్తో రాసుకుంటానన్నారు. నేను వివరాలు కొడుతుంటే తెర తనవైపు తిప్పమన్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని, పై నుంచి ఒక్కొక్క వరసా వేలు పెట్టి చదివారు. సొంతదారు అన్న చోట వేలు ఆగింది. అక్కడ ఆయన పేరే ఉంది, ఎవరూ పిలవని ఆ అసలు పేరు.

"పాతదాంట్లో ఈ వరసలో ఎవరి పేరుండేది?"

"నాది, మావయ్యా."

సరేనన్నట్టు తలూపారు. డబ్బు నా చేతిలోనే పెట్టారు. పెట్టి కదల్లేదు. ఏమిటన్నట్టు చూస్తే, రసీదు రాసివ్వమన్నారు. ఆ మాటలో కోపం లేదు, ఏ దుకాణంలోనైనా ఎవరైనా అడిగే మాటలాగే అడిగారు. రాసిచ్చాను. తేదీ సరిచూసుకుని, దాన్ని మూడు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.