ప్రమిదల్లో పురుగులు

మా ఆయన ప్రేమానందం అన్నంలో పురుగు కనబడితే ఆ పూట ఎసరే పారబోసే రకం. రేణిగుంట జంక్షనులో దొరలు తినే ఫలహారశాలకు పదహారేళ్ళుగా వంటవాడు. బియ్యం మూడుసార్లు చెరగాలి, పిండి రెండుసార్లు జల్లించాలి. ఇంట్లో జల్లించేది ఆనందమ్మ అనే నేను, పేరు మాత్రం ఆయనది. అటువంటి మనిషి, యుద్ధం ఇంకా నడుస్తున్న నలభై నాలుగులో, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని జీలకర్ర గింజలు ఏరి ఏరి చీమకు కాళ్ళు అతికిస్తుంటే నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

దీనికంతా కారణం మా ఒక్కగానొక్క కొడుకు దేవసహాయం. ఆ రోజుకు వాడికి ఎనిమిదేళ్ళు నిండాయి. వాడికి పురుగులంటే పిచ్చి. అగ్గిపెట్టెలో బంగారు పురుగు, సీసాలో గొల్లభామ, ఇక జేబులో ఏముంటుందో నేను చెయ్యి పెట్టి చూడను. బడిలో పిల్లలంతా ఆ అగ్గిపెట్టె చుట్టూ మూగుతారు. మా ఇంటికొస్తే మాత్రం వాకిలి దాటరు. మేము ఏ పేట నుంచి వచ్చి కిరస్తానం పుచ్చుకున్నామో రైల్వే లైను ఇళ్ళలో అందరికీ తెలుసు. పోయినేడు పుట్టినరోజుకు పాయసం వండి పిలిచాను. ఆరుగురు వచ్చి గంటసేపు ఆడుకున్నారు. గిన్నెలు చేతికి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఆ పాయసమంతా మేం ముగ్గురమే తిన్నాం.

అందుకే ఈ ఏడు వాడే ముందుగా అన్నాడు: "ఎవుర్నీ పిలవొద్దులేమా. ఎట్లా తినరు గదా."

ఆ మాటకు ఎవరి మీద అరవాలో తెలియక మా ఆయన మీద అరిచాను. ఆయన కొడుకును పిలిచి, "అందర్నీ పిలువురా. తినకుండా ఉండలేనట్టు చేస్తా. నీ పురుగులన్నీ ఒకసారి నాకు చూపించు," అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. దొరల పిల్లల పుట్టినరోజులకు గిన్నెల్లో చిన్నచిన్న కేకులు చేయడం ఆయనకు చేతనైన పనే. కానీ లైను పిల్లలకు గుడ్డు వేసి పెడితే రేపు వీధిలో తలెత్తుకోలేం. అందుకని పెరుగు, సోడా ఉప్పు వేసి కలిపాడు. మైదా లేదు. గోధుమపిండినే నా పలుచటి చీరలో జల్లించమన్నాడు. గిన్నెలు మా ఇంటివైతే ముట్టరని, కుమ్మరి మునెయ్య దగ్గర కొత్త ప్రమిదలు తెచ్చాడు. పెద్ద దేగిశాలో ఇసుక పోసి, అందులో ప్రమిదలు పెట్టి, మూత మీద నిప్పులు వేశాడు. మొదటి వాయి అడుగంటింది. రెండో వాయి పొంగి ప్రమిదల అంచు దాటింది. ఇల్లంతా ఏలకుల వాసన వేసేసరికి నేనే ఆగలేకపోయాను. ఒకటి తినబోతే చేతి మీద కొట్టాడు.

చల్లారిన కేకుల మీద వెన్నా చక్కెరా గిలక్కొట్టి తెల్లగా పూశాడు. ఆ పూత మీద మొదలైంది అసలు పని. రెండేసి ఎండుద్రాక్షలు కలిపితే చీమ. కరివేపాకు రెక్కలతో గొల్లభామ. దానిమ్మ గింజలు వరసగా అద్దితే వానకు బయటికొచ్చిన ఆరుద్ర పురుగులే. నేను గులాబీ రేకులతో సీతాకోకచిలుకలు చేశాను, బాగానే వచ్చాయి. దేవసహాయం పక్కన నిలబడి తప్పులు పట్టాడు. "చీమకు ఆరు కాళ్ళుంటాయి నాయనా, నువ్వు నాలుగే పెట్టినావు" అంటే, ఆ పెద్దమనిషి కిక్కురుమనకుండా మళ్ళీ జీలకర్ర ఏరుకున్నాడు. ఫలహారశాలలో దొర ముందు కూడా అంత భయం చూపించలేదు ఎప్పుడూ.

సాయంత్రం నాలుగింటికి పిల్లలు వచ్చారు, తొమ్మిదిమంది. పళ్ళెం తెచ్చి వాకిట్లో పీట మీద పెట్టాను. పిల్లలు వంగి చూశారు. ఒకడు చీమను ఊదాడు, కదులుతుందేమోనని. కానీ ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. మా వాడు తల దించుకున్నాడు.

ముందు వరసలో గార్డు ధనంజయగారి కూతురు పంకజాక్షి ఉంది. ఏడేళ్ళ పిల్ల, నోరు మాత్రం ముప్పై ఏళ్ళది. అది చాలాసేపు ఆలోచించి పెద్దగా చెప్పింది: "మాయమ్మ ఈళ్ళింట్లో అన్నం తినొద్దనింది. నీళ్ళు తాగొద్దనింది. పురుగుల్ని తినొద్దని అన్లేదు."

అని ఆరుద్ర పురుగుల ప్రమిద తీసుకుని కొరికేసింది.

తర్వాత నేను ఎవరినీ ఆపలేకపోయాను. "నాకు చీమ, నాకు గొల్లభామ" అని ఒకరి మీద ఒకరు పడ్డారు. దేవసహాయం గెంతుతూ ఏ పురుగు ఎవరికో తనే పంచాడు. మా ఆయన తలుపు వెనక నిలబడి ఒక్కొక్కరి నోటి వైపూ చూస్తున్నాడు. ఆ సంతోషం మా ఇంట్లో ఎన్నాళ్ళకో.

అప్పుడే పంకజాక్షి తల్లి వసంతమ్మ కూతుర్ని వెతుక్కుంటూ వచ్చింది.

"నోట్లో ఏందే అది?"

"ఆరుద్ర పురుగుమా."

నమిలే నోళ్ళన్నీ ఆగిపోయాయి. మా వాడు వచ్చి నా కొంగు పట్టుకున్నాడు. నాకు కోపం వచ్చింది.

"బిడ్డనేమీ అనొద్దండమ్మా. అనాలంటే నన్నే అనండి, పిలిచింది నేనే," అన్నాను.

మా ఆయన చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "గుడ్డు ఎయ్యలేదమ్మా, పెరుగుతో చేసినాను. ప్రమిదలు గూడా కొత్తవే." పదహారేళ్ళు దొరల మెప్పు పొందినవాడు దొంగలా నిలబడి ఆ మాట అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

వసంతమ్మ పళ్ళెం వైపు చూసింది. పళ్ళెంలో ఒక్కటే మిగిలింది, మా వాడు తనకోసం దాచుకున్న బంగారు పురుగు. తమలపాకును గోరంత రెక్కలుగా కత్తిరించి, నెయ్యి పూసి చేశాడు ఆయన. ఎండకు నిగనిగలాడుతోంది.

"ఇది నిజం పురుగా ఏంది?" అని ఆమె వంగి వేలితో తాకింది. రెక్క ఊడి వచ్చింది. వేలికి వెన్న అంటుకుంది. వంటింట్లో వేలికేదైనా అంటితే ఆడవాళ్ళం ఏం చేస్తామో ఆమె అదే చేసింది. ఆలోచించకుండా నాకేసింది.

నాకిన తర్వాతే ఆమెకూ మాకూ తెలిసింది. వేలు పెదవుల దగ్గరే ఉండిపోయింది. ఆమె మొహం ఎర్రబడింది. ఊస్తుందనుకున్నాను, పిల్లను ఈడ్చుకుపోతుందనుకున్నాను. ఆమె పిల్లలందర్నీ చూసింది, మా వాణ్ణి చూసింది, గుటక వేసింది.

"తీపి చాల్లేదు ఆనందమ్మా," అంది.

మా ఇంటి వంటకు వంక పెడితే మా అత్తనే వదిలిపెట్టినదాన్ని కాదు నేను. ఆ వంకకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రేషను కార్డు మీద చక్కెర అంతే ఇచ్చినారమ్మా," అన్నాను.

దేవసహాయం నా కొంగు వదిలి, పళ్ళెం ఆమె ముందుకు జరిపాడు. "ఇంగో రెక్క ఉండాది, తీసుకోండమ్మా."

ఆమె రెండో రెక్కను తుంచి, ఈసారి తెలిసే నోట్లో వేసుకుంది.