మే నెలలో నిండు కాలువ

ఆ రోజులంటే మరీ తాతలనాటి సంగతేమీ కాదు. నేను సివిల్ డిప్లొమా పూర్తిచేసి రాజమండ్రిలో ఒక కాంట్రాక్టరు దగ్గర చేరిన కొత్త. చేతిలో టేపు, జేబులో చిన్న పుస్తకం, బుర్రలో మాత్రం లోకంలోని తప్పులన్నిటికీ నెంబర్లు వేసి రాసిస్తే లోకం దిద్దుకుంటుందన్న గట్టి నమ్మకం. (నమ్మకం పోయింది. నెంబర్లు వేసే అలవాటు పోలేదు.) సరిగ్గా అప్పుడే వచ్చిందా సినిమా. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో ఎప్పుడో జరిగిన హత్య మీద తీశారు. పోస్టరు మీద హీరో బొమ్మకన్నా 'యథార్థ గాథ' అన్న అక్షరాలే పెద్దవి. చూసినవాళ్లంతా ఊపిరి బిగబట్టి చూశామన్నారు. ఇంత నిజాయితీగా ఎవరూ తీయలేదన్నారు.

నిజాయితీ! ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ చావును హత్య అని మొదట పట్టుకున్నది మా పెదనాన్న. ఆయన కాలువ లస్కరు, అంటే లాకుల దగ్గర తలుపులెత్తి దించే ఉద్యోగి. ఆ వేసవిలో కాలువ బురదలో శవం కనబడితే, కాలువల్లేని మెట్ట నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఇన్‌స్పెక్టరు, ఎక్కడో పైన నీళ్లలో పడి కొట్టుకొచ్చాడని కాగితం రాసేస్తున్నాడట. పెదనాన్న చేతులు కట్టుకుని ఒక్క మాట అడిగాడు. "మరమ్మతులకని కాలువ కట్టేసి ఇరవై రోజులైందండి. నిన్న సాయంత్రం దాకా బతికున్న మనిషి ఏ నీళ్లలో కొట్టుకొచ్చాడండి?" అంతే, కేసు తిరగబడింది. ఈ సంగతంతా సినిమావాళ్ల రచయిత మా అరుగు మీద రెండు రోజులు కూర్చుని, పెదమ్మ పోసిన పెసరట్లు తింటూ రాసుకుని వెళ్లాడు.

ఇక నేనాగుతానా? పెదనాన్న పాత్ర ఉందని ఊరంతా చాటాను. "నాకెందుకురా అబ్బాయ్" అంటున్నా వినకుండా ఆయనకు ఇస్త్రీ చొక్కా తొడిగించి, రెండు ఆటోల్లో పదకొండు మందిని ఎక్కించి పాలకొల్లు తీసుకెళ్లాను.

సినిమాలో మే నెల. తెర మీద అందరూ చెమటలు తుడుచుకుంటున్నారు. వెనకాల కాలువ మాత్రం గట్లు ఒరుసుకుని పారుతోంది! సెల్‌ఫోను వెలుగులో ఒకటో తప్పు రాసుకున్నాను. ("లైటు ఆపండి బాబూ" అన్నాడు వెనకాయన.) నాలుగో తప్పు రాస్తుండగా లస్కరు వచ్చాడు. తూలుతూ వచ్చాడు. హంతకుడి దగ్గర సీసా పుచ్చుకుని, తలుపులెత్తి శవాన్ని కిందికి వదిలేశాడు. హాలంతా ఒకటే నవ్వు. మజ్జిగ తప్ప మరొకటి ఎరగని మా పెదనాన్న, తెరకేసి అలాగే చూస్తూ కూర్చున్నాడు. ఇంతలో హీరో ఇన్‌స్పెక్టరు సిగరెట్టు వెలిగించి, నిండు కాలువను చూసి "ఇది హత్య!" అన్నాడు. ఎలా తెలిసిందో ఆ సిగరెట్టుకే తెలియాలి. చప్పట్లు.

ఇంటర్వెల్లో హాలు మేనేజరు మీదకు వెళ్లాను.

"మే నెలలో కాలువలో నీళ్లెక్కడివండి?"

"నీళ్లు లేకపోతే శవం ఎలా తేలుద్దండి?"

"తేలలేదండీ! కేసంతా అదే కదండీ!"

"నేను తీయలేదు కదండీ బాబూ. పకోడీ తింటారా?"

 తిరుగు దారిలో ఆటోలో పెదమ్మ నా నెత్తిన ఒకటి మొట్టి, "ముప్పై ఏళ్లు మచ్చలేకుండా ఉద్యోగం చేశారు. ఒక్క పూటలో తాగుబోతుని చేసి తీసుకొచ్చావు కదరా!" అంది. ఆవిడ అన్నది నిజమే. మర్నాడు కాలువగట్టు మీది టీకొట్టు దగ్గర, మేమంతా బుల్లెట్టు బావ అని పిలిచే ఆయన, "ఏంటి లస్కరు గారూ, పొద్దున్నే వేశారా?" అన్నాడు. పెదనాన్న టీ తాగకుండా వెనక్కి వచ్చేశాడు. తరవాత మూడు రోజులు ఇల్లు కదలలేదు.

నాలుగో రోజు నేను పదిహేడు తప్పుల జాబితా పట్టుకుని టీకొట్టుకు బయల్దేరాను. నేనేం వాగుతానోనన్న భయంతో కాబోలు, పెదనాన్న, పెదమ్మ కూడా వెనకే వచ్చారు. బెంచీ ఎక్కి చదవడం మొదలుపెట్టాను. మూడో తప్పుకే సగం మంది పేపర్లో తల దూర్చారు. బుల్లెట్టు బావ ఆవలించి, "సినిమావాళ్లకి తెలీదేంట్రా? తాగే ఉంటాడులే మీ పెదనాన్న" అన్నాడు.

పెదనాన్న ముందుకొచ్చాడు. అది మే నెలే. కొట్టు పక్కనే కాలువ ఎండిపోయి, నడుమ చారెడు బురదతో పడి ఉంది. బావ చెయ్యి పట్టుకుని గట్టు దింపి, నడిమధ్య నిలబెట్టి, "ఊఁ, ములుగు నాయనా. ములిగి, వంతెన దాకా కొట్టుకుపోయి చూపించు" అన్నాడు.

బావ కాళ్లకేసి చూసుకున్నాడు. బురద చీలమండ దాకా రాలేదు. కొట్టు కొట్టంతా పగలబడి నవ్వింది. చివరికి బావే, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కి, "తప్పయింది లస్కరు గారండి. ఒరే, ఆయనకి టీ పొయ్యండ్రా" అన్నాడు.

ఆ సినిమా మీద నా కోపం మాత్రం చల్లారలేదు, చల్లారదు కూడా. కానీ ఆనాటి నన్ను తలచుకుంటే ఇప్పుడు కాస్త జాలి, కాస్త నవ్వు. అందరూ పెదనాన్న చుట్టూ చేరి టీ తాగుతుంటే, నేనింకా బెంచీ మీద నిలబడి గొంతు చించుకుని పదకొండో తప్పు చదువుతున్నానట. పెదమ్మ వచ్చి చొక్కా పట్టుకుని దింపిందట.