ఓడినవాళ్ళు నవ్వాకే అచ్చుకి

మామ నంబరు నుంచి ఫోనొస్తే నేను హలో అనను, నేరుగా స్కోరు చెప్పేస్తాను. ఆ రోజు కూడా తిరుపతిలో మ్యాచ్ చూస్తూ ఫోనెత్తి గబగబా స్కోరు చెప్పేశాను.  అవతల వినిపించింది అత్త గొంతు. "స్కోరు కాదు పాపా. మీ మామ పోయినాడు. కాఫీ తాగి పేపరు తిప్పతా ఉండి, అట్నే కుర్చీలో ఒరిగిపోయినాడు."

అప్పటి నుంచి నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకావడం లేదు. ఈ నాలుగు ముక్కలు తిరుపతిలో మొదలుపెట్టి, తిరుత్తణి బస్సులో కొట్టేసి, అత్తావాళ్ళ వసారాలో మళ్ళీ మొదలుపెట్టాను. ఒక వాక్యం రాసి లేస్తాను. నీళ్ళు తాగుతాను. వీధిలోకి తొంగిచూసి, ఎందుకు చూశానో తెలియక లోపలికొస్తాను.

మామ మా అమ్మకు తమ్ముడు. తమిళనాడులోని తిరుత్తణిలో ఉంటూ, తిరుపతిలో అచ్చయ్యే ఒక తెలుగు దినపత్రికకు ఈ సరిహద్దు ఊళ్ళ ఆటల వార్తలు రాసేవాడు. కబడ్డీ, వాలీబాల్, టెన్నిస్ బంతితో ఆడే క్రికెట్. పెద్ద స్టేడియాల మొహం ఆయన చూసింది తక్కువ. అయినా ఇవాళ తిరుపతిలో, చిత్తూరులో ఆటల పేజీలకు రాసే మాలో చాలామందిమి ఆయన దగ్గర వాక్యం నేర్చుకున్నవాళ్ళమే.

ఆయనకొక పద్ధతి ఉండేది. మావైపు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివేది తమిళం. అత్తిమంజేరిపేట ఆటగాళ్ళ గురించి ఆయన ఎంత బాగా రాసినా, ఆ తెలుగు అక్షరాలు వాళ్ళకు రావు. అందుకని మ్యాచ్ అవగానే టీకొట్టు బెంచీ మీదే కూర్చుని రాసి, పత్రికకు పంపేముందు గట్టిగా చదివి వినిపించేవాడు. అదీ గెలిచినవాళ్ళకు కాదు, ఓడినవాళ్ళకు. వాళ్ళు నవ్వితేనే పంపేవాడు.

"గెలిచినోళ్ళకు నా వార్త ఎందుకు, కప్పు ఉండాది గదా!" అనేవాడు. "ఓడినోడు నవ్వకపోతే అది జోకు కాదు పాపా. వాని మీద ఇంగో పాయింటు."

మామను సాగనంపి వస్తుంటే అత్తిమంజేరిపేట కబడ్డీ జట్టు రైడరు నన్ను ఆపాడు. "అక్కా, అన్నను గురించి పేపర్లో రాసేది నువ్వే గదా? పంపేముందర మాకు చదవల్ల. అన్న చదివినట్టే." సరేనన్నాను. అసలు గాబరా అప్పుడు పట్టుకుంది. ఈసారి ఓడింది వాళ్ళే. వాళ్ళ మొహాల మీద నవ్వు తెప్పించలేకపోతే దీన్ని పంపే హక్కు నాకు లేదు. మామ చచ్చినా ఒప్పుకోడు అని రాయబోయి, ఆ మాట కొట్టేసి మళ్ళీ లేచి తిరిగాను.

ఆ రైడరు సంగతే చెప్తాను. ఒకసారి వాళ్ళ జట్టు ఆరణి జట్టు చేతిలో ఘోరంగా ఓడింది. ఇతను కూతకు వెళ్ళిన ప్రతిసారీ దొరికిపోయాడు. మామ ఇలా రాశాడు: "మన రైడరు అత్తారింటికి పోయినట్టు అవతలి కోర్టులోకి పోయాడు. వాళ్ళూ కొత్తల్లుడు వచ్చాడన్నట్టే పట్టుకున్నారు. ఎంతకీ వదల్లేదు." అది విని రైడరు చేతిలోని టీ చొక్కా మీద ఒలకబోసుకుని మరీ నవ్వాడు. తర్వాత నిజంగానే ఆరణి అమ్మాయిని చేసుకున్నాడు. పెళ్ళిలో అక్షింతలు వేస్తూ మామ, "ఈ తూరి పట్టుకున్నా నువ్వు ఔటు కాదులేరా," అన్నాడు.

అన్నిసార్లూ నవ్వేవాళ్ళు కాదు. పళ్ళిపట్టు పక్కన ఒక చెరకు రైతు, నడివయసు మనిషి, క్రికెట్‌లో తేలికైన క్యాచ్ వదిలేశాడు. "బంతి చుట్టంలాగా చేతుల్లోకి వచ్చి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది" అని చదివాడు మామ. బెంచీ మీదున్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆ రైతు మాత్రం తల దించుకున్నాడు. మామ ఆ వాక్యం కొట్టేసి, మొత్తం మళ్ళీ రాయడానికి కూర్చున్నాడు. ఈలోపు పేజీ అచ్చుకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఒక్కడు నవ్వకపోతే ఏమి మామా అన్నాను.

"వార్త ఎల్లుండి అన్నా వస్తుంది. ఆయప్ప ఆదివారం గ్రౌండుకు రాకపోతే యేం చేద్దువు?"

ఆదివారం ఆయన వచ్చాడు. ఒక క్యాచ్ పట్టి, బౌండరీ దగ్గరున్న మామకు బంతి చూపిస్తూ, "కాఫీ తాగించి కూర్చోబెట్టినా సార్!" అని అరిచాడు. మామ సంతోషం చూడాలి ఆ పూట. జట్టు జట్టంతటికీ టీలు ఇప్పించాడు.

నా మొదటి రిపోర్టులో "ప్రత్యర్థిని మట్టి కరిపించారు" అని రాశాను. "ఎవురు కరిచినారు మట్టి? నువ్వు చూసినావా?" అన్నాడు. లేదన్నాను. "నేను చూసినా. వాళ్ళు తినింది ఇడ్లీ. అది రాయి." ఇప్పటికీ కలం పట్టగానే ఆ గొంతు వినిపిస్తుంది. నా రాతలో ఏదైనా చూసినట్టు కనిపిస్తే, చెవికి హాయిగా వినిపిస్తే, అది ఆయన పెట్టిన భిక్షే.

ఇంతవరకు రాసింది నిన్న సాయంత్రం చదివాను. జట్టంతా వ్యాను మాట్లాడుకుని తిరుత్తణి వచ్చింది. వసారాలో కొందరు, మెట్ల మీద కొందరు కూర్చున్నారు. అత్త లోపలి గదిలో ఉంది.  అత్తారింటి మాట దగ్గర ఎవరూ నవ్వలేదు. రైడరు కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఇడ్లీ దగ్గర కూడా అంతే. చదవడం అయిపోయింది. ఇది పంపకూడదనుకుని కాగితాలు మడిచేశాను.

"ఇంతమందికి చదివినాడు," అంది లోపల్నుంచి అత్త. "నాకు ఒక్క దినమన్నా చదివింది లేదు మీ అన్న."

అందరం ఉలిక్కిపడ్డాం. 

"యాడ చదువుతాడు? ఆయన చేతిలో నేనెప్పుడు ఓడిపోయినా?"

ముందు రైడరు పుక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. ఆపుకోలేకపోయాడు. తర్వాత అందరూ నవ్వారు. చావింట్లో ఇదేమి చోద్యమని పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి చూశారు. అత్త కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే లేచి వచ్చి గడప దగ్గర, నాకు ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు ఓడిపోయినాను గదా," అంది. "మొదట్నుంచి చదువు పాపా."