ఇంటి మనిషి కూలి

ఆవిడకి అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. రైతులకి దాంతో పనిపడలేదు. పద్దులు రాయడం నేర్పుతుంది కనుక పద్దులమ్మ అన్నారు, అదే ఖాయమైపోయింది. యాభై దాటిన మనిషి. కళ్ళజోడుకి దారం కట్టి మెళ్ళో వేసుకుంటుంది. ఎవరైనా 'సుమారుగా ఇంత' అన్నారో, ఆవిడకి ఒళ్ళు మండుతుంది. దాణా సుమారుగా కొన్నావా, ఆవులు సుమారుగా తిన్నాయా అని నిలదీస్తుంది.

అంత పట్టుదల ఊరికే రాలేదు. వాళ్ళ నాన్న కూరగాయల రైతు. సాగులో నేనెన్నడూ నష్టపోలేదని పోయేదాకా గొప్పలు చెప్పుకున్నాడు. ఆయన పోయాక ఈవిడ ఆ నోటుపుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చుంది. అప్పటికే ఎరువుల కొట్లో గుమాస్తా, లెక్కలు కొట్టిన పిండి. చూస్తే ఏముంది, అన్ని ఖర్చులూ ఉన్నాయి, అమ్మ ఒక్కతే లేదు. కలుపు తీసింది అమ్మ, కాయ కోసింది అమ్మ, కడిగి గంపలకెత్తింది అమ్మ. ఆ పనికి పరాయి మనిషిని పెడితే ఇవ్వాల్సిన కూలి వేసి చూసేసరికి నాన్నగారి లాభం హుష్‌కాకి. ఆయన సంపాదించానని మురిసిపోయిందంతా అమ్మ కూలే. ఆ సంగతి అమ్మకి చెబుదామంటే అమ్మ కూడా లేదు. ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత రైతులకి వ్యాపార లెక్కలు నేర్పే చిన్న సంస్థలో చేరింది. ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు పైన అద్దె గది, ముప్పై కుర్చీలు, కింద నుంచి రోజంతా సుత్తి దెబ్బలు. జీతాలూ అద్దే అన్నీ ఓ దాతల సంస్థ ఇచ్చే గ్రాంటు మీదే. రెండేళ్ళకిచ్చారు. శిక్షణ వల్ల రైతుల లాభం పెరిగిందని చూపిస్తే ఇంకో మూడేళ్ళు ఇస్తారు. లేకపోతే గదికి తాళం.

మొదటి రోజున ప్రతి రైతుకీ అప్పటిదాకా ఏడాదికి ఎంత మిగిలేదో రాయించి దాతలకి పంపారు. మర్నాడే పద్దులమ్మ అందరి పుస్తకాల్లోనూ ఒక కొత్త గడి గీయించింది. ఇంటి మనిషి కూలి. పాత అంకెలో ఆ కూలి లేదు, కొత్త అంకెలో ఉంటుంది, రేపు రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు అన్న ఆలోచన అంత లెక్కల మనిషికీ తట్టలేదు. అమ్మ మీద బెంగలో కొట్టుకుపోయింది, ఇంకేం చెప్పను!

ఆ గడిని గట్టిగా పట్టుకున్నది పాలక్క. నాలుగు ఆవుల్ని పెట్టుకుని పాలు పోస్తుంది కాబట్టి ఆ పేరు. క్లాసు మూడింటికి, పాలు పితికేది నాలుగింటికి. పాపం, సగంలో లేచి పరుగెత్తేది. గడి నింపడం మొదలెట్టాక తన పని రోజుకి ఏడు గంటలని తేలింది. ఆ కూలి చూసి మొగుడు మొదట నవ్వాడు, తర్వాత తల గోక్కున్నాడు, మూడో నెలలో సాయంత్రం పాలు తియ్యడానికి ఒక మనిషిని కుదిర్చాడు. అప్పట్నుంచి పాలక్క ముందు వరసలో కూర్చుంటే క్లాసు అయ్యేదాకా కదిలేది కాదు. పక్కవాళ్ళ కూడికలు కూడా దిద్దేది. మేత ఎక్కడ దండగవుతోందో తనే కనిపెట్టి తగ్గించింది. పద్దులమ్మకి ఆ పిల్లంటే ప్రాణం.

నివేదిక పంపే నెల వచ్చింది. అంకెలన్నీ కలిపి సంస్థ డైరెక్టరు గారు తెల్లమొహం వేశారు. ముప్పై మందిలో ఇరవై నలుగురికి శిక్షణ తీసుకున్నాక లాభం తగ్గింది. తప్పు ఎక్కడ జరిగిందో పద్దులమ్మకి క్షణంలో అర్థమైంది. దాతల ఆఫీసుకి ఫోను చేసి గంటసేపు వివరించింది. అవతలి ఆఫీసరమ్మ ఓపిగ్గా విని, నాకర్థమైంది గానీ పైవాళ్ళు చూసేది ఒక్క అంకే, దాంతో మీరు పంపే రైతు పుస్తకం ఫొటో సరిపోవాలి, పాతది మార్చడానికి లేదు అంది. ఇక మిగిలిన దారి పుస్తకాల్లో ఆ గడి కొట్టేసి మొత్తాలు మళ్ళీ వేయడం. పోల్చేవి రెండూ ఒకేలా ఉండాలి కదా మేడం, ఇందులో అబద్ధం ఏముంది అన్నారు డైరెక్టరు. నిజమే, అబద్ధం లేదు. అందుకే ఆవిడకి కడుపుమంట. గది మూతపడితే అసలు నేర్పే దిక్కే ఉండదని మనసుకి సర్దిచెప్పుకుంది.

ఇల్లిల్లూ తిరిగి కొట్టేయించింది. పాలక్క ఇంటికి కావాలనే చివర్న వెళ్ళింది. కొట్టం పక్క అరుగు మీద కూర్చుని విషయం చెప్పింది. పాలక్క లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చింది.

"మీ క్లాసు నిలబడుతుందంటే ఇదెంత మేడం," అంది.

స్కేలు పెట్టి తనే ఒక్కొక్క నెలా కొట్టేసింది. కింద కొత్త మొత్తం వేసింది. అంతలో మొగుడు మేత మోపు దించి వచ్చి, ఆ అంకె చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇంటి మనిషి చేస్తే కూలి లేకుండా ఇంత మిగులుతోందా? అయితే ఆ పాల మనిషి దండగే కదా. రేపట్నుంచి మాన్పించేద్దాం."

చెడ్డవాడేం కాదు. పుస్తకం చెప్పింది నమ్మాడు, నమ్మమని నేర్పిందీ పద్దులమ్మే. పాలక్క తలెత్తి పద్దులమ్మ మొహంలోకి చూసింది. పద్దులమ్మ అతని వైపు తిరిగి, కొట్టేసినంత మాత్రాన ఆ పని ఎక్కడికీ పోలేదయ్యా, కాగితం కోసం అలా చేశాం అంది.

"ఉన్నదైతే పుస్తకంలో ఉండాలి కదా మేడం గారూ," అన్నాడతను, మర్యాదగానే.

పద్దులమ్మ ఫోను తీసి ఆ పేజీకి ఫొటో తీసింది.

గ్రాంటు వచ్చింది, మూడేళ్ళకి. ఈసారి దాతలే అచ్చు పుస్తకాలు పంపారు. వాటిలో ఇంటి మనిషి కూలి గడి లేదు. పద్దులమ్మ డైరెక్టరుతో గొడవపడింది. వచ్చే ఏడు చూద్దాం అన్నారాయన. క్లాసులో సగం మంది ఆడవాళ్ళు ఉండాలన్న కొత్త షరతు ఒకటి దాతలు పెట్టారు, ముందు దాని సంగతి చూడమన్నారు.

మొదటి క్లాసుకి కుర్చీలన్నీ నిండాయి. ముందు వరసలో, పాలక్క కూర్చునే చోట, ఆమె మొగుడు అచ్చు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆవిడకి తీరికెక్కడిదండీ, నాలుగింటికి పాలున్నాయి, ఇక నుంచీ పుస్తకం నేనే రాస్తాను అన్నాడు. డైరెక్టరు తలుపు దగ్గర నుంచి వచ్చి, హాజరుపట్టీలో పేరు మాత్రం మార్చకండి మేడం, ఆడవాళ్ళ లెక్క తగ్గిపోతుంది అని చెవిలో చెప్పి వెళ్ళారు.

పద్దులమ్మ కళ్ళజోడు పెట్టుకుని హాజరు మొదలెట్టింది. ఆరో పేరు పాలక్కది. ఆ పేరు చదివి తలెత్తింది.

"ఉన్నానండీ," అన్నాడు మొగుడు.

ఆవిడ ఆ పేరుకి ఎదురుగా టిక్కు పెట్టింది.