ఎనభై ఐదు కిలోల షేర్వానీ

2022 వానాకాలం. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. నేను అక్కడ డైటీషియన్‌ని. బరువు తగ్గే ఆపరేషన్లు, అంటే బేరియాట్రిక్ సర్జరీలు చేయించుకున్నవాళ్లకు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడం నా పని. మా ఓపీ గోడ మీద ఫోటోల వరస ఒకటి ఉండేది. ఆపరేషన్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి, కింద తగ్గిన కిలోలు. ఆ వరస పెట్టించింది నేనే. ఆ రోజు పొద్దున అందులోంచి ఒక ఫోటో తీసి బీరువాలో దాచాను. ఆ ఫోటోలోని మనిషి పదకొండు గంటలకు వస్తున్నాడు మరి.

అతని పేరు ఖాజా. లక్సెట్టిపేటలో పెళ్లిళ్లకు బిర్యానీ వండే మాస్టర్. యాభై దాటిన మనిషి. వస్తూనే గోడవైపు చూశాడు.

“ఏం సార్, నా ఫోటో కానొస్తలేదు?”

“గోడకు సున్నం వేపిస్తున్నం భాయ్.”

“నా ఫోటో ఉన్నకాడ ఒక్కటే ఏపిస్తున్నరా?” అని పకపకా నవ్వాడు. వెంట వచ్చిన భార్య షాహీన్ నవ్వలేదు. ఆమెకు విషయం అర్థమైంది.

అంతకు ఐదేళ్ల ముందు అతనికి మా దగ్గరే స్లీవ్ ఆపరేషన్ జరిగింది. కడుపులో పెద్ద భాగం తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా చేసే ఆపరేషన్ అది. నూట నలభై రెండు కిలోల మనిషి రెండేళ్లలో తొంభై ఆరుకు వచ్చాడు. కొత్తగా వచ్చిన ప్రతి పేషెంటుకూ నేను ఆ ఫోటోనే చూపించేవాణ్ని. ఆ తర్వాత బరువు మెల్లమెల్లగా మళ్లీ ఎక్కింది. ఆ రోజు మిషన్ మీద నూట ఇరవై ఒకటి చూపించింది. నాకు కలిగింది జాలి కాదు, కోపం. నా ఫోటో పాడుచేశాడని కోపం.

“నిజం చెప్పండ్రి భాయ్. మళ్ల మస్తుగ తింటున్నరు కదా?”

“తింటలేను సార్. అన్నీ రాసిన చూడుండ్రి.” నేను రాయమన్న ఫుడ్ డైరీ ముందు పెట్టాడు. రెండు ఇడ్లీలు. ఒక గుడ్డు. మూడు గంటెల పప్పు. రోజూ అంతే.

“గీ తిండికి ఇరవై ఐదు కిలోలు ఎవలు పెరుగుతరు? నాకు అబద్ధం చెప్తే మీకే నష్టం.”

షాహీన్ అందుకుంది. “సార్, పెండ్లిల వెయ్యిమందికి వండుతడు. అండ్ల ఒక్క ముద్ద ముట్టడు. వండినోడు తినద్దని వాళ్ల ఉస్తాద్ చెప్పిండట. ఇంటికొచ్చి ఇంత పప్పు వోసుకొని తింటడు. ఎన్ని అన్నా అనుండ్రి గని అబద్ధమాడుతడని అనకుండ్రి.”

నేను నమ్మలేదు. ఆమె ముందు ఆ మాట అన్నందుకు సిగ్గుపడనూ లేదు.

అసలు బాధ బరువు కాదని మా సర్జన్ మేడం అడిగితే తెలిసింది. వంగితే చాలు, కడుపులోని పులుపు గొంతులోకి ఎగదన్నుతోందట. బిర్యానీ మాస్టర్ పనంతా వంగడమే. గంజు, అంటే పెద్ద వంట పాత్ర అడుగు కలపాలన్నా, మూత చుట్టూ పిండి పెట్టి దమ్ వేయాలన్నా, మూత మీద నిప్పులు పరవాలన్నా వంగాలి.

“వచ్చే ఏడు మా పెద్దోని వలీమా ఉన్నది మేడం,” అన్నాడు. పెళ్లి తర్వాత అబ్బాయి ఇంటివాళ్లు పెట్టే విందు వలీమా. “ఊరందరి పెండ్లిలకు వండిన. నా కొడుకు దావత్‌కు ఇంకోడు గంటె వడితే నేనేడ మొహం వెట్టుకోవాలె? నేను నిలవడాలె, వంగాలె. గంతే అడుగుతున్న.”

ఎండోస్కోపీలో కారణం దొరికింది. కడుపు గొట్టం సాగింది. దాని పైభాగం కొంచెం ఛాతీలోకి జరిగింది. రివిజన్, అంటే మొదటి ఆపరేషన్‌ను మార్చి, తిండి త్వరగా పేగుల్లోకి దిగేలా బైపాస్ చేయాలని మేడం చెప్పారు. ఇంకో మాట కూడా చాలా స్పష్టంగా చెప్పారు.

“ఈ ఆపరేషన్ ముఖ్యంగా మీ పులితేన్పుల కోసం. బరువు కొంత తగ్గుతది, కానీ మొదటిసారి తగ్గినట్టు తగ్గది. ఒకసారి తగ్గి పెరిగిన శరీరం రెండోసారి అంత సులువుగా వదలదు. ఎంతని నేను ఇప్పుడే చెప్పలేను.”

అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాత భార్యాభర్తలిద్దరూ నా గదికి వచ్చి కూర్చున్నారు. “మేడం అట్లనే అంటది గని, మీరు చెప్పుండ్రి సార్. వలీమా వరకు ఎంతకొస్త?” అని ఖాజా అడిగాడు. బీరువాలో దాచిన ఫోటో నా మనసులో మెదిలింది. ఈసారి ఇంకా గొప్ప ఫోటో పెట్టవచ్చు అనిపించింది. అతని ఓపీ కార్డు తీసుకుని దాని మీద 85 అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను. మొదటిసారి కూడా అతను చూడని అంకె అది. ఏ లెక్కా వేయకుండానే రాశాను.

నెల తర్వాత ఆపరేషన్‌కు చేరడానికి వచ్చినప్పుడు అతని మొహం వెలిగిపోతోంది.

“షేర్వానీ కుట్టనిచ్చిన సార్. మల్ల పెండ్లిల సీజన్‌ల దర్జీ దొరకడు. ఎనభై ఐదు కిలోల కొలత.”

“ఎనభై ఐదు కిలోల కొలత ఎట్లిచ్చిన్రు?”

“మా తమ్ముడు సరిగ్గ గంతే ఉంటడు. వాన్ని నిలవెట్టి కొలిపిచ్చిన. దర్జీ అడిగిండు, నువ్వు తొడుగుతవా, నీ తమ్ముడా అని. మా డైటీషియన్ సార్ రాసిచ్చిండు, ఆయన మాట పక్కా అన్న.”

అప్పుడైనా ఆపాల్సింది. భుజం తట్టి పంపాను.

ఆపరేషన్ బాగా జరిగింది. రెండో వారానికే ఫోన్ చేశాడు. “సార్, చెప్పు కింద వడితే నేనే వంగి తీసుకున్న! గొంతుల ఏం రాలే!” ఆ సంతోషం నా చెవికెక్కలేదు. “బరువెంత?” అని అడిగాను. ఆరు నెలల్లో నూట ఎనిమిదికి వచ్చి ముల్లు అక్కడ నిలిచిపోయింది. ఒక నెల చూశాను, రెండు నెలలు చూశాను. మళ్లీ అదే అనుమానం, మళ్లీ అవే ప్రశ్నలు.

ఒక మధ్యాహ్నం షాహీన్ ఫోన్ చేసింది. పెళ్లి వంట దగ్గర ఖాజా భాయ్‌కి చెమటలు పట్టి, గుండె దడదడలాడి కింద కూర్చుండిపోయాడట. ఇప్పుడు కుదురుగానే ఉన్నాడట. నాకు విషయం వెంటనే తెలిసిపోయింది. బైపాస్ అయినవాళ్లు తీపి తింటే అది ఒక్కసారిగా పేగుల్లోకి దిగి అలా అవుతుంది. దాన్ని డంపింగ్ అంటాం.

“ఫోన్ ఆయనకియ్యమ్మా. భాయ్, ఏం తీపి తిన్నరు?”

“తినలే సార్. డబుల్ కా మీఠా పాకం రుచి చూసిన. గంతే.”

“ఎన్నిసార్లు?”

“పాకం కుదిరేదాక చూడాలె గద సార్. మీరు సూది గుచ్చేటప్పుడు ఎన్నిసార్లని లెక్కవెడుతరా?”

సూది గుచ్చేది నేను కాదు. కానీ ఆ మాట నాకే గుచ్చుకుంది.

ఆ ఆదివారం లక్సెట్టిపేట బస్సెక్కాను. ఫంక్షన్ హాలు వెనక, పొయ్యిల దగ్గర ఒక కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. ఖాజా భాయ్ మాంసం నానబెట్టిన మసాలా నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు వేసి మళ్లీ వేసుకున్నాడు. ఎసరు, బిర్యానీతో వడ్డించే దాల్చా, ఖట్టా, మీఠా పాకం. నెయ్యి తేలిన షేర్వా, అంటే మాంసం పులుసు గంటెతో తీసి అరచేతిలో పోసుకుని చప్పరించాడు. మధ్యాహ్నం లోపు నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. పెళ్లిళ్ల సీజన్‌లో వారానికి నాలుగు రోజులు ఇదే పని. అతను అబద్ధం రాయలేదు. వండేవాడికి రుచి చూడటం పని, తిండి కాదు. పని గురించి నేను అతన్ని ఆరేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

నా లెక్క విని నోరు తెరిచాడు. “అయితే గీ గంటెడు గంటెడు కలిసి…”

“రోజుకు రెండు పూటల తిండి భాయ్.”

“మరి నాలుక వెట్టకుంట వండుడెట్ల సార్? కండ్లు మూసుకొని బండి నడుపుమన్నట్టు ఉన్నది!”

వంటకు అతనితో వచ్చి ఉల్లిపాయలు కోస్తున్న షాహీన్ తల ఎత్తకుండానే అంది. “నేనున్నగద.”

“నీకేం తెలుస్తది వెయ్యిమంది ఉప్పు?”

“ముప్పై ఏండ్ల సంది నీ ఉప్పు తింటున్న. ఎప్పుడు ఎక్కువనే. బిర్యానీ అయితే జనం నీ మొహం చూసి ఊకుంటున్నరు.”

పొయ్యిల దగ్గర ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. ఖాజా భాయ్ గంటె ఆమె చేతికిచ్చి, “చూడు మరి, చెప్పు!” అన్నాడు సవాలుగా. ఆమె చప్పరించి, కాసేపు ఆకాశం వైపు చూసి, “నిమ్మకాయలు రెండు తక్కువ,” అంది. అతను నిమ్మకాయలు పిండాడు. ఆ పూట తిన్నవాళ్లలో ఇద్దరు పెద్దమనుషులు వెనక్కి వచ్చి మరీ, ఇవ్వాల కొత్త మాస్టర్ వచ్చిండా అని అడిగారు. అతని మొహం చూడాలి! భార్య గెలిచినందుకు ఏడవాలో, వంట గెలిచినందుకు నవ్వాలో తెలియని మొహం.

ఆ రోజు నుంచి నాలుక ఆమెది, చెయ్యి అతనిది. బరువు ఇంకో మూడు కిలోలు తగ్గింది. నూట ఐదు. మళ్లీ అక్కడే నిలిచింది. వలీమాకు ఇంకా నెల ఉంది. షేర్వానీ తెచ్చి నా గదిలోనే తొడిగి చూశాడు. గుండీలకు, కాజాలకు మధ్య జానెడు దూరం.

ఇక దాచలేకపోయాను. “భాయ్, ఎనభై ఐదు అని నేను రాసింది తప్పు. మేడం చెప్పిందే నిజం. మీ కోసం రాయలే, నా గోడ కోసం రాసిన. మిమ్మల్ని అబద్ధాలకోరు అన్న. మాఫ్ చెయ్యుండ్రి.”

అతను షేర్వానీ విప్పి మడతపెట్టాడు.

“రోజు మిషినెక్కి ఏడ్చిన సార్. ఎనభై ఐదు రాలే, రాలే అని. ఇంట్ల నవ్వుడు బంద్ చేసిన. గది మాత్రం జర తప్పే మీది.” తల ఎత్తాడు. “గని పులుపు పోయింది. బీపీ గోలీలు సగమైనయ్. గోడకానుకొని కూసుండి నిద్రవోయేటోన్ని, ఇప్పుడు పండుకొని నిద్రవోతున్న. గివన్నీ ఏ మిషిన్ల కొలుస్తరు సార్?”

“కొలిచే మిషిన్ లేదు భాయ్.”

“అయితే వలీమాకు రాండ్రి. మీరే కొలుసుండ్రి.”

వెళ్లాను. షేర్వానీ తమ్ముడు తొడుక్కుని తిరుగుతున్నాడు, కొలత అతనిదే కాబట్టి అతికినట్టు ఉంది. పెళ్లికొడుకు తండ్రి మాత్రం లుంగీ, బనీను మీద పొయ్యిల మధ్య ఉన్నాడు. ఆరు గంజులు. వంగాడు, కలిపాడు, లేచాడు, మళ్లీ వంగాడు. ఒక్కసారీ చెయ్యి ఛాతీ మీదికి పోలేదు. పట్టుచీర మీద తువ్వాలు కట్టుకున్న షాహీన్ గంజు గంజుకూ తిరిగి తీర్పు చెబుతోంది. దమ్ విప్పినప్పుడు ఆవిరిలోకి అతనే వంగాడు. వాసన పీల్చి లేచి, ఆమెను చూశాడు. ఆమె ఒక మెతుకు నోట్లో వేసుకుని తల ఊపింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు.

వండినవాడు తినకూడదన్న నియమాన్ని ఆ రోజు చుట్టాలు సాగనివ్వలేదు. ఈ దావత్ నీదే, కూసో అని లాక్కొచ్చి, భోజనాలకు నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ ముందు కూర్చోబెట్టారు. అతను నాలుగంటే నాలుగు ముద్దలు, ఒక్కో ముద్ద నమిలి నమిలి, అరగంట సేపు తిన్నాడు. కలిసి తినేవాళ్లు అందరూ అయ్యాకే లేవాలి కదా! ఖాళీ పళ్లేల ముందు చేతులు ఎండిపోతున్నా పెద్దలంతా అతన్ని ఎగతాళి చేస్తూ, హాయిగా అలాగే కూర్చున్నారు.

మర్నాడు ఓపీ గోడ మీది ఫోటోలన్నీ తీయించాను. ఇప్పుడు రివిజన్‌కు వచ్చినవాళ్లను మిషన్ ఎక్కించే ముందు ఒకటే అడుగుతాను, ఈ జబ్బు వల్ల మీరు చెయ్యలేకపోతున్న పని ఏది అని. వాళ్లు చెప్పింది ఫైలు మీద మొదటి వరుసలో రాస్తాను. బరువు కింద రాస్తాను. చేరాల్సిన అంకె మాత్రం రాయను.

మొన్న ఉట్నూర్ నుంచి ఒక జీపు డ్రైవరు వచ్చాడు. స్లీవ్ అయ్యి నాలుగేళ్లు. రివిజన్ చేయాలని మేడం చెప్పారు.

“ఎన్ని కిలోలు తగ్గుత సార్?”

“నాకు తెల్వదు తమ్మీ. కొన్ని తగ్గుతవ్. మొదటిసారి అంత తగ్గకపోవచ్చు. నీకు ఏం పని ఆగింది, గది చెప్పు.”

అతను నావైపు అనుమానంగా చూశాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, తన జీపు గురించి చెప్పడం మొదలుపెట్టాడు.