ధాన్యం బస్తా కూడా గెలుస్తుందట!

మా ఆయన ఉన్న పని వదిలేసి, మూతపడబోయే ఫేక్టరీలో చేరతానని చెప్పిన రోజున నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. చేటని అలాగే నేలకేసి కొట్టాను. ఆ బియ్యం మళ్లీ ఏరుకున్నదీ నేనే అనుకోండి. కోపం వస్తే నాకు ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత నోరు లేస్తుంది, బుద్ధి మాత్రం మర్నాటికి గానీ రాదు.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. నర్సీపట్నంలో మోటారు సైకిళ్లు బాగుచేసే పెద్ద షెడ్డు ఒకటుండేది. మా ఆయన అందులో మెకానిక్కు. ఏటా మా చర్చి కోత పండగ నాడు పొద్దున్నే మోటారు సైకిళ్ల పందెం జరిగేది. చర్చి గేటు దగ్గర బయల్దేరి, కృష్ణదేవిపేట రోడ్డులో కల్వర్టు దాకా వెళ్లి తిరిగి రావాలి. చర్చికీ మోటారు సైకిళ్లకీ ఏం సంబంధం అని అడక్కండి. మొదట అది సైకిల్ పందెమే. ఒక ఏడాది ఎవడో మోటారు సైకిల్ వేసుకొచ్చి నేనూ ఉంటానన్నాడు. కాదనడానికి పాస్టరుగారికి మొహమాటం అడ్డొచ్చింది. ఆ మొహమాటమే ఆనవాయితీ అయి కూర్చుంది.

షెడ్డు బండి మీద ఏటా మా ఆయనే గెలిచేవాడు. షెడ్డు ఓనరు గారు మాత్రం దండ తెచ్చి బండి హ్యాండిల్‌కి వేసేవారు. మా ఆయనకి టీ ఇప్పించేవారు. ఒక ఏడు ఎవరో పెద్దమనిషి ఉండబట్టలేక, "మీ మెకానిక్కు బాగా తోలేడండీ" అన్నాడు. దానికి ఓనరు గారు పకపకా నవ్వి, "ఆడు తోలడం ఏటండీ బాబూ! నా బండి మీద ధాన్యం బస్తా కట్టి ఒగ్గేసినా గెలుస్తాది" అన్నారు. పదిమంది ముందు అన్నారు. ఆ పదిమందీ నవ్వారు.

ఆ మధ్యాహ్నం మా ఆయన కలిపిన ముద్ద చేతిలో అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"నాను ధాన్యం బస్తానేటే?" అన్నాడు.

"ఛ, బస్తా అయితే ఇంట్లో తిండికైనా పనికొచ్చును" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. ముద్ద కంచంలో పెట్టేసి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఆయనకి అదే పట్టుకుంది ఇక. ఇన్నేళ్లూ గెలిచింది తనా, బండా? అది తేలాలి. తేలాలంటే లోకంలో అన్నిటికంటే దరిద్రపు బండి ఎక్కి గెలవాలి. అప్పుడు బండి గెలిచిందని ఎవడూ అనలేడు. మగాళ్ల తెలివికి దండం పెట్టాలి.

దరిద్రపు బండి కోసం ఎక్కడికో పోనక్కర్లేకపోయింది. కోటవురట్ల రోడ్డులో మా చర్చి సంఘపెద్దగారి మోపెడ్ ఫేక్టరీ ఉంది. అంతకు ముందు అందులో ఆసుపత్రి మంచాలు చేసేవారు. ఎవరి మాట విన్నారో గానీ మంచాలు ఆపేసి మోపెడ్లు మొదలుపెట్టారు. రంగు మాత్రం మంచాలకి తెచ్చిన తెల్ల రంగే. పెడల్ తొక్కితే గానీ ఇంజను అంటుకోదు, అంటుకున్నాక కదలకుండా నిలబెడితే ఆరిపోతుంది. ఒకాయన కొనుక్కున్న బండిని నెల తిరక్కుండా ఎడ్లబండి మీద వేసి తెచ్చి, ఫేక్టరీ గేటు ముందు దింపి, పలకరించకుండా వెళ్లిపోయాడు. సంఘపెద్దగారు దాన్ని సర్వీసింగుకి వచ్చిందని చెప్పుకున్నారు.

"పండగ దాకా సూద్దాం బాబూ. పందెం గెలిస్తే బళ్లు అమ్ముడవుతాయి, నువ్వే ఫోర్‌మేన్‌వి. ఓడితే ఫేక్టరీకి తాళం ఏసేద్దాం. దేవుడి సిత్తం" అన్నారు సంఘపెద్దగారు.

షెడ్డు ఓనరు గారు, "ఎల్లరా ఎల్లు! ఆ మంచం మీద పడుకుని గెలుద్దువు గాని. మళ్లీ నా గుమ్మం తొక్కకు" అన్నారు. అంటే పందెం పోతే మాకు అదీ లేదు, ఇదీ లేదు. చేట నేలకేసి కొట్టానంటే కొట్టనా మరి!

పండగ వచ్చింది. షెడ్డు ఓనరు గారు అన్న మాట ఇంచుమించు నిలబెట్టుకున్నారు. బస్తా బదులు వాళ్ల బావమరిదిని ఎక్కించారు. చూడ్డానికి పెద్ద తేడా లేదు. ఇంకో రెండు మోటారు సైకిళ్లు, వాటి పక్కన తెల్లగా మా మంచం. మా ఆయనకి గాయకబృందం తెల్ల చొక్కా ఒకటి తొడిగారు, ఫేక్టరీ టీమ్ కదా.

మా వాళ్లలో ఏ పనికైనా ముందు ప్రార్థన ఉండాలి. ప్రార్థన ఆఖర్న ఆమేన్ అనగానే బళ్లు బయల్దేరడం పద్ధతి. ఆ ఏడు ప్రార్థన చేసింది సంఘపెద్దగారు. ఆయన ఊరికే చేస్తారా! అధికారులతో మొదలుపెట్టి, పంటలకి వెళ్లి, జబ్బుపడ్డవాళ్లని వరసపెట్టి తలుచుకుని, చివరికి బళ్ల దగ్గరికొచ్చి, "తండ్రీ, ఈ కార్బొరేటరును దీవించు, ఈ బ్రేకు తీగెను నీ చేతులలో ఉంచు" అన్నారు. మధ్యలో ఆగినప్పుడల్లా మేమంతా అలవాటుగా "ఆమేన్" అంటున్నాం. బావమరిదికి మా పద్ధతి ఏం తెలుసు? మొదటి ఆమేన్‌కే రయ్యిమని దూసుకుపోయాడు. పట్టుకొచ్చారు. ఇంకో ఆమేన్‌కి ముగ్గురూ పోయారు. మళ్లీ పట్టుకొచ్చారు. బళ్లు పొగలు కక్కుతున్నాయి. మా ఆయన మాత్రం ఇంజను ఆపుకుని కళ్లు మూసుకుని నిలబడ్డాడు. పుట్టినప్పటి నుంచీ సంఘపెద్దగారి ప్రార్థన వింటున్న మనిషి, అది ఎక్కడ అయిపోతుందో ఆయనకి తెలుసు.

అసలు ఆమేన్ వచ్చింది. మోటారు సైకిళ్లు మూడూ కనుమరుగైపోయాయి. మా ఆయన ఇంకా పెడల్ తొక్కి ఇంజను అంటిస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే గేటు పట్టుకుని ఏడ్చాను.

కల్వర్టు దగ్గర జరిగింది నేను చూడలేదు, అక్కడున్న రైతు తర్వాత ఊరందరికీ చెప్పాడు. మా వైపు ఉలవలు కోశాక తీగలు తెచ్చి తారు రోడ్డు మీద పరిచేస్తారు. వచ్చే పోయే బస్సులు తొక్కితే గింజ రాలుతుంది, వేరే నూర్పిడి అక్కర్లేదు. పందెం ఉందని తెలిసి ఆ రైతు ఆ రోజు ఇంకా దట్టంగా పరిచాడు, ఉచితంగా మోటారు సైకిళ్లు వస్తున్నాయి కదా అని. బావమరిది ఆ తీగల మీద బ్రేకు వేశాడు. జారి పడ్డాడు. వెనక ఇద్దరూ వచ్చి ఆయన మీద పడ్డారు. మెత్తగా ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, బావమరిది మోకాలు మాత్రం గీరుకుంది. తీగలు చక్రాలకీ చైన్లకీ చుట్టుకుని బళ్లు బిగిసిపోయాయి. రైతు పరిగెత్తుకొచ్చి, "పడితే పడ్డారు గానీ బేగి లెగండి బాబూ. ఇంకో రెండు సుట్లు తిరగండి, కింద గింజ రాల్లేదు" అన్నాడట.

అప్పుడు చేరాడు మా ఆయన, పడుతూ లేస్తూ. మోపెడ్ ఇంజను చైన్‌కీ తీగ చుట్టుకుంది. కానీ మోపెడ్‌కి రెండు చైన్లు కదండీ, ఇంజనుకొకటి, పెడల్‌కొకటి. మా ఆయన దిగి, ఇంజను చైన్ ఊడదీసి చొక్కాలో పడేసుకుని, ఆ ఇనప మంచాన్ని సైకిల్‌లా తొక్కుకుంటూ కల్వర్టు చుట్టి వెనక్కి తిరిగాడు. వచ్చేదంతా ఎత్తు. అవతల ముగ్గురూ తీగలు పీక్కుని, బళ్లు లేపుకుని వెంటపడ్డారు.

గేటు దగ్గరికి మా ఆయనే ముందొచ్చాడు, వెనక మోటారు సైకిల్ చక్రం తగిలేంత దగ్గర్లో. బ్యాండు మోగుతోంది, జనం అరుస్తున్నారు. సంఘపెద్దగారు ఎగిరి గంతేసి, "సూసేరా నా బండి! శబ్దం ఉందా? అసలు ఇంజను ఉందో లేదో కూడా తెలీడం లేదు!" అని, తెచ్చిన దండ తీసుకెళ్లి మోపెడ్ హ్యాండిల్‌కి వేశారు.

హ్యాండిల్‌కి! నా ఒళ్లు మండిపోయింది.

మా ఆయన కాళ్లు వణుకుతుంటే నా దగ్గరికొచ్చి, చొక్కాలోంచి చైన్ తీసి నా చేతిలో పెట్టాడు. తెల్ల చొక్కా అంతా నల్లటి గ్రీజు. "దాసెయ్" అన్నాడు.

"దాయడం ఏటండీ! గెలిసింది మీ కాళ్లు. సెప్పండి మరి!"

"సెప్తే ఆ బండి ఎవడు కొంటాడే? ఫేక్టరీ పోద్ది. ఒగ్గేయ్."

ఆయన మొహం చూస్తే ఓడిపోయినవాడి మొహంలా ఉంది. చైన్‌ని చేతిరుమాల్లో చుట్టుకుని లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఆరాధన అయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. ఏడాదంతా దేవుడు చేసిన మేలు ఎవరికి వాళ్లు లేచి చెప్పుకోవడం అన్నమాట. సంఘపెద్దగారు లేచి, "నా ఇంజనుకి ఇంత బలం ఇచ్చిన దేవుడికి స్తోత్రం" అన్నారు. నేను లేచిపోయాను. ముందు చెయ్యి లేచిందని వేరే చెప్పాలా? చైన్ పైకెత్తి ఊపాను.

"ఇంజను సైన్ ఇదిగో, కల్వర్టు కాడ్నుంచి నా మొగుడి సొక్కాలో ఉంది! ఇంజను తిరగనే లేదు. దేవుడు బలం ఇత్తే ఈయన కాళ్లకిచ్చేడు. దండ మాత్రం ఇనప ముక్కకేసేరు! ఓలమ్మో, ఇదేం న్యాయమండీ!"

సంఘపెద్దగారు అలాగే కూలబడ్డారు. మా ఆయన తల వంచేసుకున్నాడు. అయిపోయింది, ఫేక్టరీ మూతపడింది, నా నోరే మూసేసింది అనుకున్నాను.

అప్పుడు వెనక చాపల మీంచి ఒకాయన లేచాడు. కొయ్యూరు కొండల నుంచి చింతపండు, చీపుళ్లు కావిడి మీద మోసుకొచ్చి, పండగ చూసి వెళ్దామని ఆగిన మనిషి. "అయ్యా, అయితే ఆ ఇంజను తీసేసి ఇత్తారేటి? మాకాడ పెట్రోలు దొరకదు. ఎనకాల బుట్ట కట్టుకుంటాం" అన్నాడు. పక్కనున్న వాళ్లందరూ మాకూ, మాకూ అన్నారు. సంఘపెద్దగారు మెల్లగా లేచి నిలబడి మళ్లీ స్తోత్రం చెప్పారు, ఈసారి ఇంజను మాట ఎత్తలేదు. ఆ ఫేక్టరీ ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది, ఇంజన్లు లేకుండా.

అసలు సంగతి మాత్రం వేలంపాట దగ్గర తేలింది. పండగకి రైతులు తెచ్చిన పంటని ఆఖర్న వేలం వేస్తారు. షెడ్డు ఓనరు గారు మా మతం కాకపోయినా, మర్యాదకి ఏటా ఏదో ఒకటి పాడుకునేవారు. ఆ ఏడు ఆయనకి దక్కింది ధాన్యం బస్తా. తన మోటారు సైకిల్ మీద కట్టించారు. కట్టించాక చూసుకుంటే బావమరిది లేడు, మోకాలు పట్టుకుని ఎప్పుడో ఇంటికి పోయాడు. ఓనరు గారికి బండి తోలడం రాదు. అన్ని బళ్లున్న షెడ్డు ఓనరు, జన్మలో వెనక సీటు దాటి ముందుకి రాలేదు!

"ఒరే, బేగి ఇలా రా. బండి తోలు" అని మా ఆయన్ని పిలిచారు.

మా ఆయన వెళ్లాడు. తాళం చెవి అందుకోలేదు. చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, "బస్తా కట్టేరు గదండీ బాబుగారూ, అదే తోలుద్ది" అన్నాడు.

జనం అంతా ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. ఓనరు గారు బస్తా వంక చూశారు, మా ఆయన వంక చూశారు, గ్రీజు అంటిన ఆ చొక్కా వంక చూశారు.

"నువ్వేరా గెలిసింది" అన్నారు. "ఈ ఏడూ, అన్నేళ్లూ నువ్వే. ఇంక తోలు నాయనా, ఎండగా ఉంది."

మా ఆయన తాళం చెవి తీసుకుని, ఓనరు గారినీ బస్తానీ ఇంటి దగ్గర దింపి, నడిచి వచ్చాడు. పైయేడు పందెంలో ఉంటారా అని అడిగాను. "ఎందుకే? తేలిపోయింది గదా" అన్నాడు.

మోపెడ్ హ్యాండిల్‌కున్న దండ నేను ఎప్పుడో తీసి ఇంటికి పట్టుకొచ్చేశాను. ఆయన మెళ్లో వేశాను. సిగ్గుపడ్డాడు గానీ తియ్యలేదు, ఆ దండతోనే అన్నానికి కూర్చున్నాడు. ఈసారి ముద్ద చేతిలో ఆగలేదు.