మరచెంబు మీద పేరు

మా నాయనమ్మ మరచెంబు మా నాయనమ్మది కాదు.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. నాన్నకి చెప్పలేదు. అన్నయ్యకి చెప్పలేదు. ప్రార్థనలో కూడా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చుట్టూ తిరిగి వెళ్ళిపోయేదాన్ని. పదమూడో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. దానికి చెప్పని సంగతి నా దగ్గర లేదనుకునేదాన్ని. కానీ ఆ రోజు పేజీలో ఉన్నది కూడా అబద్ధమే, నా అక్షరాలతోనే. డైరీ దగ్గరే అబద్ధమాడినదాన్ని ఇక ఎవరి దగ్గర నిజం చెప్పగలను? అందుకని మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు. నా ఎదుట మీరు లేరు గనక నా నోరు పెగులుతోంది.

మాది బందరు. ఆడపిల్లల బడిలో పుస్తకాల గది చూసుకుంటాను. ఆ పని నాకు సరిపోయింది, అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు. పుస్తకాల తరవాత నాకు ఇష్టమైనవి పాత వస్తువులు. తాళంచెవి లేని తాళం, మూల విరిగిన కలంకారీ అచ్చు, ఎవరిదో కళ్ళజోడు పెట్టె, ఇత్తడి సున్నపుకాయ. ఇలాంటివన్నీ ఒక రేకు పెట్టెలో దాచుకున్నాను. ఏది ఎక్కడ దొరికిందో, దాని మీద ఎవరి పేరుందో డైరీలో రాసేదాన్ని. ముఖ్యంగా పేర్లు. మా వైపు కూతురికి ఇత్తడి సామాను ఇస్తే దాని మీద పేరు కొట్టించి ఇస్తారు కదా, చుక్క పక్కన చుక్క పెట్టి. ఆ చుక్కల మీద వేలు పెట్టి ఈవిడ ఎవరో, ఏ ఊళ్ళో ఎలా బతికిందో అని ఊహించుకుంటూ కూర్చునేదాన్ని.

గుడివాడలో మా మేనత్త ఉంది. సెలవులకి వెళ్తే నన్ను చూసి నవ్వేది. "దీన్ని పెళ్ళిచూపులకి తీసుకెళ్తే పెళ్ళికొడుకుని వదిలేసి వాళ్ళింట్లో అటక చూసొస్తది వదినా!" అనేది అమ్మతో. నేను సిగ్గుపడి లోపలికి పోయేదాన్ని. నిజానికి అటకే చూసేదాన్నేమో.

మా సొంత ఇంట్లో మాత్రం పాతదంటూ ఏమీ లేదు. నాయనమ్మ వాళ్ళది దివిసీమ. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో ఉప్పెన వచ్చి ఇల్లూ సామానూ ఊడ్చుకుపోయింది. మనుషులు మిగిలారు, అంతే. అన్నీ పోయినందుకు నాయనమ్మ ఏడవగా నేను చూడలేదు. ఒక్కదాని కోసమే బెంగ. వాళ్ళమ్మ ఇచ్చిన మరచెంబు. ప్రయాణాలకి నీళ్ళు పోసుకుని మర బిగించుకునే ఇత్తడి చెంబు. "మెడ దగ్గర మూడు గీతలే. మూతకి ఉంగరం లాంటి పిడి. పొట్ట మీద నా పేరు" అని చెప్పేది. చదువు రాని మనిషి. తన పేరు మాత్రం గుళ్ళో పాస్టరమ్మగారు నేర్పించారు. ఆ ఒక్క పేరూ గుర్తుపట్టగలదు. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆవిడకి చూపు మందగించింది. నాకు పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి పూర్తిగా పోయింది.

ఆ ఏడాదే గుడివాడలో పాత ఇత్తడి కొట్లో నాకు ఆ చెంబు కనపడింది. స్టీలు కంచాలు కొత్తగా వస్తున్న రోజులు. పల్లెల్లో తిరిగే వర్తకులు స్టీలు ఇచ్చి పాత ఇత్తడి పట్టుకొచ్చేవాళ్ళు. కరిగించడానికి కుప్ప పోసి ఉంది. అందులో ఒక మరచెంబు. మెడ దగ్గర మూడు గీతలు. మూతకి ఉంగరం పిడి. తిప్పి చూశాను. పొట్ట మీద కోటమ్మ అని ఉంది.

మా నాయనమ్మ పేరు ఎస్తేరమ్మ.

అక్కడితో ఆగి ఉండవచ్చు. కోటమ్మ చెంబుగా కొని, కోటమ్మ చెంబుగానే డైరీలో రాసుకుని ఉండవచ్చు. కొట్టు పక్క అరుగు మీద పేర్లు కొట్టే ముసలాయన సుత్తీ సన్న ఉలీ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూశాకనే ఆ ఆలోచన వచ్చింది. ముందే వచ్చిందా? ఇప్పుడు ఎంత తవ్వినా తెలియడం లేదు. చెంబు ఆయన చేతిలో పెట్టి, ఈ పేరు తీసేసి ఎస్తేరమ్మ అని కొట్టమన్నాను.

ఆయన నా వంక చూశాడు. "రాయమనేవాళ్ళే గానీ చెరపమన్నవాళ్ళు లేరండీ ఇంతవరకూ" అన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. చూసి చూసి ఆకురాయి తీశాడు. పేరు పొడిగా రాలింది. పచ్చటి పొడి. ఆయన నోటితో ఊదేశాడు.

ఎవరి పేరు కనపడినా కళ్ళకద్దుకున్నంత పని చేసేదాన్ని నేను. నేనే దగ్గరుండి ఒక పేరు అరగదీయించాను. ఆ రోజు డైరీలో ఇలా రాశాను: "గుడివాడలో నాయనమ్మ మరచెంబు దొరికింది. ఎస్తేరమ్మ అని పేరుంది."

నాయనమ్మ ఒళ్ళో పెట్టాను. ఏమీ చెప్పలేదు. ఆవిడ చేతులు మెడ దగ్గర గీతలు లెక్కపెట్టాయి. పొట్ట మీదికి జారాయి. అక్షరాల దగ్గర ఆగాయి. మళ్ళీ మొదటి నుంచి తడిమాయి. తరవాత ఆవిడ చెంబుని బుగ్గకి ఆనించుకుని, "అమ్మా" అంది. నన్ను కాదు.

ఆ క్షణాన చెప్పగలిగేవాళ్ళు ఉంటారా? ఉంటారేమో. నేను కాను.

ఆ వారమే నాయనమ్మ గుళ్ళో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. నీళ్ళు పట్టుకెళ్ళిన దాన్ని దేవుడు మనవరాలి చేత తిరిగి పంపించాడని చెప్పింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. గుడి అయ్యాక అందరూ నా చుట్టూ చేరి నా చేతులు పట్టుకున్నారు. నలుగురిలో నిలబడలేని నేను ఆ రోజు నిలబడ్డాను. బాగుంది నాకు. ఇది దాచకూడదు. నాయనమ్మ కోసమే చేశానని ఏడేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను గానీ, అది సగమే. నా పెట్టెలో ఉన్నవన్నీ పరాయివాళ్ళ పేర్లు. ఒక్కటైనా మాది అనిపించుకునేది కావాలని నాకు ఆశ. ఉప్పెన ముందు కూడా మేము ఉన్నామని చెప్పే వస్తువు ఒకటి. నాయనమ్మ వేళ్ళని అడ్డం పెట్టుకుని నా ఆశ తీర్చుకున్నాను.

ఒక్క చిక్కుండేది. ఆ చెంబు మూత మాకెవరికీ ఓ పట్టాన వచ్చేది కాదు. అన్నయ్య గుడ్డ చుట్టి, మోకాళ్ళ మధ్య పెట్టుకుని లాగేవాడు. నాయనమ్మ తిప్పి తిప్పి చేతులు నొప్పి పుట్టి, "వయసులో చిటికెలో తీసేదాన్నే. దానిక్కూడా ముసలితనం వచ్చింది" అని నవ్వేది.

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం ఒకావిడ మా గుమ్మంలోకి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. కాళ్ళ నిండా దుమ్ము. చేతిలో గుడ్డ మూట. ఇంట్లో నేనూ నాయనమ్మే ఉన్నాం. నాయనమ్మ లోపలి గదిలో పడుకుని ఉంది.

"పాత ఇత్తడి కొనేది మీరేనామ్మా? గుడివాడ కొట్టాయన చెప్పాడు, బందరులో బడి పక్క సందని" అంది.

తలూపాను.

"మాది మోపిదేవి అవతలమ్మా. నేను తీర్థానికెళ్ళినప్పుడు మా కోడలు మరచెంబు ఇచ్చేసి కంచాలు తీసుకుంది. దానికేం తెలుసు, చిన్నపిల్ల. మా అమ్మ ఇచ్చిందమ్మా అది. ఆ సామానాయన్ని పట్టుకునేసరికి ఇన్నాళ్ళయింది." మూట విప్పింది. రెండు స్టీలు కంచాలు, తళతళలాడుతూ. ఒక్కసారి కూడా అన్నం పెట్టుకున్నట్టు లేవు. "ఊరికే అడగట్లేదమ్మా. ఇయ్యి తీసుకుని అది ఇచ్చెయ్యండి."

చెంబు ఎదురుగా కిటికీలోనే ఉంది. ఆవిడ చూసింది. లేదని చెప్పే వీలు లేదు. ఆవిడే వెళ్ళి తీసుకుంది, మన వస్తువు మనం తీసుకున్నట్టు. పొట్ట మీద బొటనవేలు పెట్టింది. వేలు ఆగింది. నున్నగా అరిగిన చోట అటూ ఇటూ తిరిగింది.

"ఇక్కడ నా పేరుండాలే. ఇదేం పేరమ్మా?"

"ఎస్తేరమ్మ. మా నాయనమ్మ పేరు. ఇది మా ఇంట్లో మొదటి నుంచీ ఉన్నదేనండీ" అన్నాను.

కొత్తవాళ్ళతో ఒక్క మాట తడబడకుండా అనలేని నేను, ఆ మాట గడగడా అనేశాను.

ఆవిడ చెంబుని నడుముకి ఆనించుకుంది. మూతని పట్టుకుని ముందు కొంచెం వెనక్కి, మళ్ళీ ముందుకి తిప్పింది. మూత ఊడి ఆవిడ చేతిలోకి వచ్చింది. ఆవిడ చెయ్యి దానికి అలవాటు. నేను చూశాను. నేను చూశానని ఆవిడా చూసింది.

అప్పుడే లోపల నుంచి నాయనమ్మ, "ఎవరే? అది నా చెంబు చప్పుడేనా? జాగర్తే, మా అమ్మది" అంది.

"ఎవరో ఇల్లు తప్పి వచ్చారు నాయనమ్మా" అన్నాను.

ఆవిడ లోపలి గది వైపు చూసింది. "కనపడదా పెద్దావిడకి?" అని మెల్లగా అడిగింది. లేదన్నాను. ఆవిడ మూత బిగించింది. కిటికీలో ఎక్కడుందో అక్కడే పెట్టింది. కంచాలు మళ్ళీ మూట కట్టుకుంది. గుమ్మం దిగబోతూ ఒక మాట అంది. దాన్ని చివర రాస్తాను. ఇక్కడే రాస్తే మిగతాది రాయలేను.

కనీసం మంచినీళ్ళు ఇవ్వలేదు. మంచినీళ్ళు అడుగుతుందేమోనని భయపడ్డాను కూడా.

నేను కొనకపోతే ఆ చెంబు కరిగిపోయి ఉండేది, ఆవిడకి ఎలాగూ దక్కేది కాదు అని చాలాసార్లు అనుకున్నాను. అది నిజమే. కానీ కరిగిపోలేదు కదా. ఆవిడ రెండు బస్సులు మారి దాని ముందుకే వచ్చింది కదా. నిజం చెబితే నాయనమ్మ ఏమైపోయేదో అని కూడా అనుకున్నాను. మరి నాయనమ్మ పోయాక? పోయిన క్రిస్మస్ ముందు ఆవిడ వెళ్ళిపోయింది. అప్పుడు నన్ను ఆపింది ఎవరు? ఎవరూ లేరు. నోరు విప్పకుండా ఉండటం నాకు బాగా చేతనైన పని, అంతే.

ఇప్పుడు అన్నయ్యకి కూతురు పుట్టింది. నాయనమ్మ పేరే పెడుతున్నారు. ఈ ఆదివారం బాప్తిస్మం. ఆ మరచెంబులో నీళ్ళతోనే ఇప్పించాలని మేనత్త పట్టుబట్టింది. "పిల్ల పేరూ చెంబు పేరూ ఒకటే. తాతమ్మ చెయ్యి నెత్తి మీద పడ్డట్టే" అంది. అందరూ మురిసిపోయారు. చెంబు తోమే పని నాకిచ్చారు. చింతపండు పెట్టి తోముతుంటే నా వేలు ఆ నున్నటి చోట ఆగింది. ఆ నీళ్ళు ఆ పసిదాని నుదుటి మీద పడనివ్వలేను. పెద్దదయ్యాక అది తన పిల్లలకి ఈ కథ చెబుతుంది. అప్పటికి ఇది అబద్ధమని తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు.

పోయిన వారం గుడివాడ వెళ్ళాను. పేర్లు కొట్టే ముసలాయన ఇంకా ఆ అరుగు మీదే ఉన్నాడు. కోటమ్మ అని మళ్ళీ కొట్టగలరా అని అడిగాను. వేలితో నొక్కి చూశాడు. "ఇంకోసారి ఆకురాయి పెడితే చిల్లు పడుద్దండీ. ఇక ఈ పేరే" అన్నాడు. కొట్టాయన్ని ఆవిడ ఊరి పేరు అడిగి రాసుకున్నాను. మా నాయనమ్మ పేరుతోనే దాన్ని తిరిగి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు దాచుకోవడానికి ఏమీ ఉండదు. అదీ మంచిదే.

నాన్నకి నాలుగు వాక్యాలు రాసి ఆయన బల్ల మీద, కళ్ళజోడు కింద పెట్టాను. ఏడేళ్ళ నాటి డైరీ తీసి ఆ పేజీలో ఎస్తేరమ్మ అన్నచోట కొట్టేసి, పక్కన కోటమ్మ అని రాశాను. రేపు శనివారం. తెల్లవారి మొదటి బస్సు ఎక్కి, చల్లపల్లిలో మారి వెళ్తాను. ఆవిడ ఉందో లేదో తెలీదు. ఉంటే నన్ను గుమ్మం ఎక్కనిస్తుందో లేదో తెలీదు. క్షమించమని అడగను. అది అడిగితే ఆవిడ దగ్గర ఇంకొకటి తీసుకున్నట్టే అవుతుంది. ఇది మీది, పేరు నేను చెరిపించాను అని మాత్రం చెబుతాను. తడబడకుండా చెప్పడం ఇందాకటి నుంచి అభ్యాసం చేస్తున్నాను. ఆదివారం గుళ్ళో చెంబు ఏదని మేనత్త అడిగితే అక్కడా అదే చెబుతాను. సాక్ష్యం చెప్పిన చోటే చెప్పాలి.

చెంబు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను. మీకు చెప్పాను. గుండె తేలికపడిందా అంటే, లేదు. కానీ ఏడేళ్ళలో మొదటిసారి అది ఎక్కడ బరువుగా ఉందో నాకు సరిగ్గా తెలుస్తోంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ మెట్టు దిగి, మూట చంకన పెట్టుకుని, మళ్ళీ వెనక్కి తిరిగింది. తిడుతుందనుకున్నాను. లోపలి గదికి వినపడకుండా గొంతు తగ్గించి ఇలా అంది:

"మూత బిగుసుకుంటే బలవంతాన తిప్పమాకండమ్మా. కాస్త వెనక్కి తిప్పి, అప్పుడు తియ్యండి. పాపం, పెద్దావిడకి చేతులు నొప్పి పుడతాయి."